అంకెల్లోనూ అక్షరాల్లోనూ

మా పినాకినీ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు సమర్పించే సిద్ధాంత గ్రంథాలను అందరికంటే ఆఖర్న, సర్టిఫికెట్ ఇచ్చే ముందు చూసేది నేను. లోపలి విషయం నాకు సంబంధించింది కాదు. ఎడమవైపు అంగుళంన్నర ఖాళీ వదిలారా, అట్ట ముదురు నీలమేనా, కృతజ్ఞతల్లో వైస్ ఛాన్సలర్ గారి పేరు గైడు పేరుకంటే ముందుందా, ఇవీ నేను చూసేవి. నా పేరు దానియేలు. పరీక్షల విభాగంలో సీనియర్ సూపరింటెండెంటును. నా చేతి మీదుగా ఇప్పటికి పదకొండు వందల మంది డాక్టర్లయ్యారు. వాళ్ళలో ఒక్కరు కూడా అంగుళంన్నర తప్పలేదు.

ఎనిమిదేళ్ళ కిందట పట్టుపురుగుల మీద వచ్చిన ఒక గ్రంథంలో చెదపురుగు ఒక సున్నాను తినేసింది. దాంతో నలభై వేల పట్టుపురుగులు నాలుగు వేలయ్యాయి. ఆ తేడాను ఎవరూ గమనించలేదు. చెదపురుగును మాత్రం గమనించారు. విచారణ సంఘం కూర్చుని ఏడాదిన్నర ఆలోచించి నలభై ఏడో నిబంధన తెచ్చింది. "సిద్ధాంత గ్రంథంలో వచ్చు ప్రతి సంఖ్యనూ అంకెల్లోనూ అక్షరాల్లోనూ సంపూర్ణముగా రాయవలెను. సంక్షిప్త రూపములు చెల్లవు." అప్పటి నుంచి చరిత్ర విద్యార్థులు సంవత్సరాలను అక్షరాల్లో రాశారు. రసాయన శాస్త్రం వాళ్ళు అణువుల లెక్కలు మూడేసి వరుసల్లో రాశారు. పుటల సంఖ్యలు కూడా అడుగున అక్షరాల్లోనే ఉండేవి. పని సాఫీగా సాగిపోతుండగా పసుపుల హైమావతి వచ్చింది.

ఆమెకు నలభై మూడేళ్ళు. డెబ్బై కిలోమీటర్ల దూరంలోని ఒక డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్ళుగా గెస్ట్ లెక్చరర్. ప్రతి జూన్‌లోనూ తీసుకుంటారు, ప్రతి ఏప్రిల్‌లోనూ వద్దంటారు. కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధన పూర్తిచేసింది. మౌఖిక పరీక్ష అయిపోయింది. బయటి రాష్ట్రపు పరీక్షకుడు ఇంత చక్కటి పని ఈ మధ్య చూడలేదని రాశాడు. ఇక మేం ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇవ్వడమే మిగిలింది. పర్మినెంటు లెక్చరర్ పోస్టుకు ఆమె ఎంపికైంది. నలభై రోజుల్లో సర్టిఫికెట్లు పరిశీలిస్తారట. ఆ పోస్టులకు వయసు పరిమితి నలభై నాలుగు కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి అవకాశం.

గ్రంథం పేరు "వరుసల ప్రోగ్రామింగ్ భాషలో అతి పెద్ద సంఖ్యల లేఖనం". తొంభై నాలుగు పుటలు. చూస్తూ పోయి నలభై ఒకటో పుట దగ్గర ఆగాను. అక్కడ ఒక టోపీ గుర్తు, ఒక వాలు గీత, నాలుగు, ఒక కంచె గుర్తు, మూడు. ఐదే ఐదు గుర్తులు, నా చిటికెన వేలి గోరంత చోటులో.

ఇదేమిటని అడిగాను. ఓపిగ్గా చెప్పింది. ఆ భాషలో లెక్కను ఒక్కో అంకెకు విడిగా కాకుండా మొత్తం వరుసకు ఒక్కసారే చేయిస్తారట. కంచె గుర్తు నాలుగు మూళ్ళను వరుసగా పేరుస్తుంది. టోపీ అంటే ఘాతం. వాలు గీత ఆ ఘాతాన్ని మూళ్ళన్నిటి మధ్యా దూరుస్తుంది. అంటే మూడు మీద మూడు, దాని మీద మూడు, దాని మీద ఇంకో మూడు. పెద్ద సంఖ్యల్ని పొట్టిగా ఎలా రాయాలన్నదే తన పరిశోధన అంది. మిగతా చోట్లంతా సంఖ్యల బదులు బీజగణితంలోలా అక్షరాలే వాడింది. ఉదాహరణగా ఇచ్చిన సంఖ్య ఇదొక్కటే.

"అంటే ఇది సంఖ్యేనా?" అన్నాను.

"సంఖ్యే సార్."

నాకు జాలేసింది. కాదని ఉంటే సంతకం పెట్టి పంపేవాణ్ణి.

ఫైలు పరీక్షల నియంత్రణాధికారి ఆచార్య గరుడాచలం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు. అయితే పదవిలోకి వచ్చాక మొక్కల జోలికి పోలేదు. నిలబడి ఉన్నప్పుడు కూడా కూర్చున్నట్టే మాట్లాడతారు. హైమావతిని పిలిపించి, నిబంధన ముందు మూడైనా మూడు కోట్లైనా సమానమేననీ, విశ్వవిద్యాలయం సంఖ్యల మధ్య చిన్నా పెద్దా తేడా చూపదనీ సెలవిచ్చారు.

ఆమె ఒక కాగితం మీద లెక్క వేసి చూపించింది. మూడు మూళ్ళ దాకా ఇబ్బంది లేదట. అది ఏడు లక్షల అరవై రెండు వేల ఐదు వందల యాభై తొమ్మిది కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై నాలుగు వేల తొమ్మిది వందల ఎనభై ఏడు. నాలుగో మూడు పెట్టగానే వచ్చే సంఖ్యలో అంకెలే మూడు లక్షల అరవై మూడు వేల కోట్లకు పైన ఉంటాయట. సెకనుకో అంకె చొప్పున ఆపకుండా రాస్తే లక్షా పదిహేను వేల ఏళ్ళు. పుటకు రెండు వేల అంకెలైతే నూట ఎనభై రెండు కోట్ల పుటలు.

గరుడాచలం గారు ఆ కాగితాన్ని శ్రద్ధగా చూశారు.

"నాలుగు ప్రతులు సమర్పించాలి. ఒక్క ప్రతికే లెక్క వేశారు" అన్నారు.

ఆ పుట చింపేస్తానంది. మౌఖిక పరీక్ష అయ్యాక గ్రంథాన్ని మార్చకూడదన్నారు. అది సంఖ్య కాదు, యంత్రానికిచ్చే ఆజ్ఞ అనుకొమ్మంది. ఆ ఆజ్ఞను పాటిస్తే యంత్రం ఏమిస్తుందని అడిగారు. సంఖ్యే ఇస్తుందని ఒప్పుకుంది. ఆమెకు అబద్ధం చేతకాదు. మా ఆఫీసుకు వచ్చేవాళ్ళకు అది పెద్ద లోటు.

వారం తిరక్కుండానే ఆమెకు ఉత్తరం వెళ్ళింది. టైపు చేయించింది నేనే. "పై విషయమై తెలియజేయునది ఏమనగా, సంఖ్య యొక్క పరిమాణము మినహాయింపునకు కారణము కానేరదు. అయినను అభ్యర్థిని యొక్క వయస్సును, విశ్వవిద్యాలయము యొక్క ప్రతిష్ఠను దృష్టిలో నుంచుకొని, సదరు సంఖ్యను సంపూర్ణముగా రాయించు బాధ్యతను విశ్వవిద్యాలయమే స్వీకరించుటకు పాలకమండలి తీర్మానించినది."

అలా అంకెల లేఖన విభాగం పుట్టింది. గ్రంథాలయం రెండో అంతస్తు ఖాళీ చేయించి అక్కడున్న పుస్తకాలను మెట్ల కింద పెట్టించారు. నన్ను అదనపు బాధ్యతల మీద ఇన్‌ఛార్జిగా వేశారు. రాయడానికి నలభై మూడు మందిని తీసుకున్నారు. వాళ్ళంతా హాస్టళ్ళలోనూ తోటలోనూ రికార్డు గదిలోనూ ఏళ్ళ తరబడి దినసరి మీద పనిచేస్తున్నవాళ్ళే. "సంఖ్య పూర్తి అగువరకు మాత్రమే తాత్కాలిక నియామకము" అని ఉత్తర్వుల్లో ఉంది.

మొదటి పదివేల అంకెలను హైమావతి ఒక పూటలో కంప్యూటర్ మీద తీసి ఇచ్చింది. పెద్ద యంత్రం ఉంటే మొత్తం తీయొచ్చంది. యంత్రం మీద తీసింది చిత్తుప్రతి కిందికి వస్తుందనీ, చేత్తో రాసి ధ్రువీకరించిందే అసలుదనీ గరుడాచలం గారు తేల్చారు. ప్రారంభోత్సవం రోజు వైస్ ఛాన్సలర్ కోదండపాణి గారు టెంకాయ కొట్టి మొదటి అంకె రాశారు. అది ఒకటి. పత్రికల వాళ్ళు ఫోటో తీసుకున్నారు. రెండో అంకె రిజిస్ట్రారు గారు రాయాలి. అది రెండు. వైస్ ఛాన్సలర్ కంటే పెద్ద అంకె తాను రాయడం మర్యాద కాదని ఆయన వెనక్కి తగ్గారు. సర్దిచెప్పేసరికి మధ్యాహ్నమైంది.

ఆ తర్వాత ప్రతి అంకెనూ ఒకరు రాయడం, ఒకరు సరిచూడటం, ఒకరు ధ్రువీకరించి పొట్టి సంతకం పెట్టడం అనే పద్ధతి ఏర్పడింది. రోజుకు పద్నాలుగు అంకెలు తేలేవి. నూట పద్దెనిమిదో అంకె ఆరా సున్నానా అన్న అనుమానం వచ్చి పని నాలుగు రోజులు ఆగింది. రాసినవాడు ఆరన్నాడు. సరిచూసినవాడు తాను సున్నా అనుకునే సరిచూశానన్నాడు. ఇద్దరికీ సంజాయిషీ నోటీసులు ఇచ్చాం.

అంకెల సంగతి ఇలా ఉంటే అక్షరాల సంగతి వేరు. తెలుగు శాఖాధిపతి డాక్టర్ ఇందుమౌళి గారిని అడిగితే ఆమె ఉత్సాహంగా పాత పేర్లన్నీ తవ్వి తెచ్చారు. కోటి, అర్బుదం, ఖర్వం, పద్మం, శంఖం, సాగరం, భూరి, మహాభూరి. నలభై స్థానాల లోపే పేర్లు అయిపోయాయి. మిగిలిన లక్షల కోట్ల స్థానాలకు కొత్త పేర్లు కావాలి కాబట్టి నామకరణ సంఘం వేశారు. విశ్వవిద్యాలయానికి సేవ చేసినవారి పేర్లు పెడదామని సంఘం తీర్మానించింది. మహాభూరి తర్వాతి స్థానానికి వైస్ ఛాన్సలర్ గారి పేరు పెట్టారు. అంతా చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఇందుమౌళి గారు ఒక చిక్కు చెప్పారు. ఆ తర్వాతి స్థానానికి రిజిస్ట్రారు పేరు పెడితే పది కోదండపాణులు ఒక రిజిస్ట్రారు అవుతారు. దానిపైన పెట్టిన ప్రతి పేరూ వైస్ ఛాన్సలర్ కంటే పెద్దదే.

సంఘం మళ్ళీ కూర్చుంది. పేర్లను కింది హోదా నుంచి మొదలుపెట్టి పైకి పోవాలని, వైస్ ఛాన్సలర్ పేరు అన్నిటికంటే ఆఖరి స్థానానికి ఉంచాలని నిర్ణయించింది. తోటమాలులు, అటెండర్లు, రికార్డు అసిస్టెంట్ల పేర్లు మొదటి వారంలోనే సంఖ్యలైపోయాయి. నాకూ ఒక స్థానం వచ్చింది. ఒక దానియేలు అంటే ఒకటి పక్కన రెండు వందల పదకొండు సున్నాలు. దాచుకోవడమెందుకు, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మా ఆవిడతో చెప్పాను. అన్నీ సున్నాలే కదా అని తన పనిలో పడింది. పదకొండు వందల అరవై నాలుగు మంది సిబ్బంది అయిపోయినా ఆఖరి స్థానం చుట్టుపక్కలకు కూడా రాలేదు. తన పేరు ఎప్పుడొస్తుందని కోదండపాణి గారు రెండుసార్లు ఫోన్ చేయించారు. వస్తుందని రాతపూర్వకంగా తెలియజేశాం.

హైమావతి మాత్రం వారానికి రెండుసార్లు వచ్చేది. పొద్దున బస్సుకు వచ్చి, వరండాలో బల్ల మీద కూర్చుని, క్యారియర్ తెరిచి తిని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేది. గొడవపడేది కాదు. మొదట్లో లేఖన విభాగంలోకి వచ్చి, అంకెలు రాసేవాళ్ళకు ఆ ఐదు గుర్తుల అర్థం నేలమీద సుద్దతో గీసి చెప్పేది. రికార్డు అసిస్టెంటు నబీరసూల్ అందరికంటే త్వరగా పట్టుకున్నాడు. అతనే అక్కడి ఉద్యోగ సంఘం కార్యదర్శి కూడా. ఇరవై రోజులు గడిచాక ఆమె పైకి రావడం మానేసింది. ముప్పై నాలుగో రోజున నా బల్ల ముందు నిలబడింది.

"దానియేలు సార్, ఒకటి అడుగుతా, చెప్పండి. ఇప్పటికి ఎన్ని అంకెలైనాయి?"

రెండు వందల పన్నెండు అయ్యాయన్నాను.

"పద్నాలుగేండ్లు పిల్లోళ్ళకు పాఠం చెప్తాండా. ఒక్క ఏడు కూడా మళ్ళా వచ్చేడు ఉంటానో లేదో తెలియకుండా. ఈ చదువు కూడా దానికోసరమే చేసినా. తప్పు రాసింటే దిద్దుకుందును. తప్పు లేదంటారు, కాగితం ఇయ్యరు. ఇంగ నేనేం చేయల్లో మీరే చెప్పండి."

ఆ మధ్యాహ్నం భోజనం చేయబుద్ధి కాలేదు. నిబంధనలంటే నాకు గౌరవం. ఇరవై ఆరేళ్ళలో ఒక్కదాన్నీ దాటలేదు, దాటాలని అనుకోలేదు కూడా. అయినా ఆ ఫైలు తెచ్చుకుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడోసారి చదువుతుండగా నా చేత్తో నేను టైపు చేయించిన మాటే నా కళ్ళబడింది. రాయించే బాధ్యతను విశ్వవిద్యాలయమే స్వీకరించింది. అంటే ఇప్పుడు బాకీ ఉన్నది ఆమె కాదు, మనం.

కూర్చుని నోటు రాశాను. "సదరు సంఖ్యను రాయు బాధ్యత తీర్మానము ద్వారా అభ్యర్థిని నుండి విశ్వవిద్యాలయమునకు బదిలీ అయినందున, నలభై ఏడో నిబంధన మేరకు అభ్యర్థిని వైపు నుండి ఎట్టి లోపమూ మిగిలి లేదు. మిగిలిన అంకెలు రాయకపోవుట విశ్వవిద్యాలయపు లోపమగును. తన లోపమునకు విశ్వవిద్యాలయము అభ్యర్థిని యొక్క సర్టిఫికెట్‌ను నిలుపుదల చేసినచో, నిబంధనను ఉల్లంఘించినది విశ్వవిద్యాలయమే కాగలదు." నా బతుకులో అంత పెద్ద మాటలు ఎప్పుడూ రాయలేదు.

గరుడాచలం గారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది ఎవరి భాష, దానియేలూ?"

"తమరిదే సార్. తమరి దగ్గరే నేర్చుకున్నాను."

ఆయన ముఖంలో ఒకలాంటి తృప్తి కనిపించింది. తప్పు పట్టడానికి వీల్లేకుండా ఉందని మెచ్చుకుని సంతకం పెట్టారు. ఆయనను నేను చెడ్డవాడని ఏనాడూ అనుకోలేదు. మనిషి అడిగితే ఆయనకు వినపడదు, కాగితం అడిగితే వినపడుతుంది. అంతే తేడా.

సర్టిఫికెట్ ముప్పై ఎనిమిదో రోజున హైమావతి చేతికిచ్చాను. రెండు చేతులతో తీసుకుంది, తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకుంది. మెట్లు దిగి వెళ్ళిందల్లా మళ్ళీ పైకి వచ్చి, క్యారియర్‌లో మిగిలిన రెండు సజ్జరొట్టెలు నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. అప్పుడు ఆకలేసింది.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఆమె ఫైలు మూసేశాం. అంకెల లేఖన విభాగాన్ని మూయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. తీర్మానం తీర్మానమే కాబట్టి రోజుకు పద్నాలుగు అంకెలు సాగుతూనే ఉన్నాయి. రెండేళ్ళు గడిచాయి. కోదండపాణి గారు పదవీవిరమణ చేశారు. కొత్తగా వచ్చిన రిజిస్ట్రారు గారు దస్త్రాలు తిరగేసి, నలభై మూడు మందినీ పర్మినెంటు చేయాలన్న అర్జీని తిప్పి పంపారు. సంఖ్యకు ముగింపు ఉన్నందున పని శాశ్వతమైనది కాదనీ, శాశ్వతం కాని పనికి శాశ్వత ఉద్యోగులు ఉండకూడదనీ రాశారు. ఇప్పటి వేగంతో పూర్తికావడానికి డెబ్బై ఒక్క కోట్ల సంవత్సరాలు పడుతుందని నేను వివరణ పంపాను. డెబ్బై ఒక్క కోట్ల సంవత్సరాలైనా తాత్కాలికం తాత్కాలికమేనని జవాబు వచ్చింది.

నబీరసూల్ నన్ను వెంటపెట్టుకుని హైమావతి పనిచేసే కాలేజీకి వెళ్ళాడు. స్టాఫ్ రూములో ఆమెకు సొంత బల్ల ఉంది, బల్ల మీద పేరు చెక్కిన చెక్క ఉంది. మాకు టీ తెప్పించింది. నబీరసూల్ విషయం చెప్పి, సంచిలోంచి నలభై ఒకటో పుట నకలు తీశాడు.

"ఇక్కడ నాలుగు ఉండాది గదా మేడం. దాన్ని ఐదు చేసేయండి. ఇంగొక్క మూడు. మీకు ఒక్క అంకె, మాకు బతుకు."

ఆమె ఆ కాగితం చూసి తిరిగి అతని చేతిలో పెట్టింది. గ్రంథాన్ని తానిప్పుడు దిద్దడానికి వీల్లేదని చెప్పింది. దిద్దినా ప్రయోజనం లేదంది.

"ఇంకో మూడు పెడితే, నబీరసూల్ గారూ, ఆ అంకెలు రాసేకి విశ్వంలో ఉండే అణువులన్నీ తెచ్చినా చాలవు. అయినా దానికీ చివర ఉంటాది. ఎంత పెద్ద సంఖ్యకైనా చివర ఉంటాది."

"అణువుల సంగతి యాజమాన్యం చూసుకుంటాది మేడం. మాకు పర్మినెంటయితే చాలు."

ఎన్నేళ్ళుగా చేస్తున్నావని అడిగింది. పంతొమ్మిదేళ్ళని చెప్పాడు. ఆమె బల్ల సొరుగులోంచి కాలేజీ పేరున్న తెల్లకాగితం తీసుకుని, విషయ నిపుణురాలి హోదాలో అభిప్రాయం రాసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేసి ఇచ్చింది. బస్సులో నబీరసూల్ దాన్ని నాకు చదివి వినిపించాడు.

"గణితము ప్రకారము సదరు సంఖ్యకు ముగింపు కలదు. సదరు విశ్వవిద్యాలయములో సదరు పనికి ముగింపు ఉండునట్లు నాకు కనపడుట లేదు."

కొత్త రిజిస్ట్రారు గారు దానికి ఏ లోపమూ పట్టలేకపోయారు. నిపుణుల అభిప్రాయం, ముద్ర కూడా ఉంది. నలభై మూడు మందికీ ఆ నెలలోనే ఉత్తర్వులు వచ్చాయి. ఆ రోజు విభాగానికి సెలవిచ్చి, గ్రంథాలయం మెట్ల మీద, పుస్తకాల కట్టల మధ్య కూర్చుని అందరం మైసూర్ పాక్ తిన్నాం. నబీరసూల్ కళ్ళు తుడుచుకోవడం చూశాను. మర్నాటి నుంచి రోజుకు తొమ్మిది అంకెలు రాస్తున్నారు. పర్మినెంటు ఉద్యోగులు కదా, తొందరపడాల్సిన అవసరం లేదు.